అడగని మాట

మా అకాడమీలో అబద్ధానికి చోటు లేదు. అనుమానానికి మాత్రం కావలసినంత ఉండేది. ఈ రెండూ ఒకే కప్పు కింద ఎలా కాపురం చేశాయో తెలుసుకోవడానికి నాకు ఒక శీతకాలం పట్టింది.

పంతొమ్మిది వందల తొమ్మిది నాటి మాట ఇది. హడ్సన్ నది మలుపులో, గుట్ట మీద మా సైనిక అకాడమీ. ఎదుటి ఒడ్డున లాండింగ్ అనే చిన్న ఊరు. నేను పుట్టి పెరిగింది అక్కడే. మా నాన్న వేసవిలో రేవు పడవ నడిపేవాడు, నది గడ్డకట్టాక ఐసు దిమ్మలు కోసి అమ్మేవాడు. కొడుకు సైన్యంలో ఆఫీసరు కాబోతున్నాడని ఊళ్లో చెప్పని గుమ్మం లేదు. మా గది కిటికీ దగ్గర నిలబడితే మా ఇంటి పొగ కనిపించేది గానీ, రెండేళ్లు నిండి సెలవులిచ్చేదాకా అటువైపు అడుగు పెట్టే వీల్లేదు.

కేడెట్ మాటంటే రాతి మీద గీత. చేరిన రోజే ఇది మాకు నూరిపోశారు. "నువ్వు చేశావా?" అని అడుగుతారు. "లేదు సార్" అంటాం. అంతే, కథ కంచికి. ఆపైన సాక్ష్యం అడగడం, విచారించడం మర్యాద కాదు. అడిగినవాడు నమ్మి తీరాలి. అబద్ధమాడి దొరికినవాడు పెట్టె సర్దుకుని పోవాలి. ఇంత గట్టి కట్టుబాటు ఉన్నచోట నిజానికి ఢోకా ఏముంటుందనుకున్నాను. పల్లెటూరి బుద్ధి.

ఐసు హాకీ జట్టుకి ఆ ఏడాది కెప్టెన్ ఆగస్టస్ పెల్. ఆఖరి సంవత్సరం వాడు, జనరల్ గారి మనవడు, నిద్రలో కూడా కవాతు చేసే రకం. గోలు దగ్గర నిలబడేవాడు లెమ్యుల్ బార్క్లే. నేనూ అతనూ రెండో ఏడు చదువుతూ ఒకే గదిలో ఉండేవాళ్లం. కాన్సాస్ నుంచి వచ్చాడు, మాటల పుట్ట. ఆ రోజుల్లో జట్టుకి ఏడుగురు. ఏడోవాడికి స్థలమంటూ ఉండదు, అవసరమైన చోటికల్లా పరుగెత్తాలి. ఆ పని నాది. అందరూ నన్ను తిరుగుబోతు అనేవాళ్లు. డిసెంబరు దాకా ముద్దుగానే అనేవాళ్లు.

పెల్ ఆ ఏడు ఒక ఉపాయం పట్టుకొచ్చాడు. కవాతులో అరిచే ఆజ్ఞలనే ఐసు మీదకు తెచ్చాడు. 'ఫోర్స్ లెఫ్ట్' అంటే పక్, అదే మేం కర్రలతో కొట్టే రబ్బరు బిళ్ల, ఎడమ అంచుకు పోవాలి. 'ఫోర్స్ రైట్' అంటే కుడి అంచుకు. 'టు ద రియర్' అంటే వెనక్కి, నా దగ్గరికి. లేచింది మొదలు పడుకునేదాకా ఆ కేకలకే కాళ్లు కదిపే మాకు అది నేర్చుకోవడం ఒక లెక్కా? పెద్ద పెద్ద కాలేజీల జట్లు రైలెక్కి వచ్చాయి. ఆ కేకలేమిటో, మేం ఎటు తిరుగుతామో అంతుబట్టక చిత్తుగా ఓడి వెనక్కి పోయాయి.

అప్పుడు లాండింగ్ జట్టు వచ్చింది. అందులో ఒక మంగలి, ఒక రొట్టెల కొట్టువాడు, ఐసు కోసేవాళ్లు, వాళ్లకి నాయకుడు మా పెదనాన్న కొడుకు నీల్. స్కేట్లకు సరైన పట్టీలు లేక తాళ్లు కట్టుకుని వచ్చారు. ప్రతి సీజన్లో వాళ్లతో మూడు ఆటలు ఆడడం ఆనవాయితీ, మూడూ మేం గెలవడం అంతకన్నా పాత ఆనవాయితీ. కానీ ఆ రోజు మేం ఎడమకు పంపితే ఎడమన ముందే కాచుకుని ఉన్నారు. కుడికి పంపితే కుడిన ఉన్నారు. పెల్ ఎంత గట్టిగా అరిస్తే అంత ఘోరంగా ఓడాం. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు, ఓడినందుకు కాదు గానీ మంగలి నవ్వాడనే పెల్‌కి నిద్ర పట్టలేదు.

ఆట అయ్యాక నీల్ నన్ను కంచె దగ్గరికి పిలిచాడు. అమ్మ పంపిన డోనట్ల పొట్లం చేతిలో పెట్టి, పిన్ని నువ్వు సన్నబడ్డావని బెంగపెట్టుకుందని చెప్పాడు. నాన్న గుర్రం ఐసు మీద జారి నానా హంగామా చేసిన సంగతి చెబుతుంటే ఇద్దరం తలలు దగ్గరపెట్టుకుని పగలబడి నవ్వాం. తలెత్తి చూస్తే పెల్ మమ్మల్నే చూస్తున్నాడు.

షెడ్డులో అందరం స్కేట్లు విప్పుకుంటుంటే పెల్ లేచి నిలబడ్డాడు.

"కాలేజీ వాళ్లకి అర్థంకాని మన ఆజ్ఞలు బంగాళదుంపలు పండించుకునేవాళ్లకి అర్థమయ్యాయి. అవి వాటంతటవే నది దాటలేదు. ఎవరో దాటించారు."

ఆటలో ఎవడి కర్రో తగిలి నా భుజం వాచింది. సరిగ్గా ఆ క్షణాన నేను భుజం తడుముకుంటున్నాను. గుమ్మడికాయల దొంగ సామెత ఊరికే పుట్టలేదు. అందరి చూపులూ నా చేతి మీద ఆగాయి. చెయ్యి తీసేశాను, దాంతో మరీ చెడిపోయింది.

జనవరిలో రెండో ఆట. అంతకన్నా దారుణంగా ఓడాం. ఆ మధ్యలో వచ్చిన కాలేజీ జట్లన్నిటి మీదా గెలిచాం, లాండింగ్ మీద మాత్రం రెండుసార్లూ ఓడాం. జట్టులో లాండింగ్ వాడు ఒక్కడే. ఆ లెక్క చెయ్యడానికి గణితం పరీక్ష ప్యాసవక్కర్లేదు. నిజం చెప్పాలంటే, వాళ్ల స్థానంలో ఉంటే నేనూ నన్నే అనుమానించేవాణ్ణి.

మర్నాడు ఉదయం భోజనశాలలో వెన్న ఇటు ఇమ్మని బార్క్లేని అడిగాను. వెన్న అతని మోచేతి దగ్గరే ఉంది. అతను కదల్లేదు. వినలేదేమోనని మళ్లీ అడిగాను. బల్ల చుట్టూ చెంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు తెలిసింది నాకు. మా దగ్గర 'మౌనం' అని ఒక శిక్ష ఉండేది. అది ఏ నిబంధనల్లోనూ లేదు, ఏ అధికారీ వెయ్యడు. ఆఖరి సంవత్సరం వాళ్లు తలుపులేసుకుని తీర్మానిస్తారు. ఆ క్షణం నుంచి వాడితో ఎవరూ మాట్లాడరు. విధి నిర్వహణలో తప్పనిసరైన ముక్కలు తప్ప పలుకూ ఉండదు, పలకరింపూ ఉండదు. వాడు తనంతట తాను పోయేదాకా అంతే. అంతకుముందు ఏడాది ఒకడికి వేస్తే, చెట్లు చిగురించకముందే పోయాడు.

వెన్న లేకుండానే రొట్టె తిన్నాను. నేను పోతే నాన్న రేవులో తల ఎలా ఎత్తుకుంటాడా అని ఆలోచిస్తూ ఆఖరి ముక్కదాకా నమిలాను.

జట్టు నుంచి మాత్రం తియ్యలేదు. నాలాగా పరుగెత్తేవాడు వాళ్లకి ఇంకొకడు లేడు. దొంగ కూడా అవసరానికి పనికొస్తాడు. అయితే పెల్‌కి ఒక ధర్మసందేహం వచ్చింది. ఐసు మీద నాతో మాట్లాడొచ్చా? అది విధి కిందకు వస్తుందా? ఆజ్ఞలు అరవొచ్చు, పేరు పెట్టి పిలవకూడదని తీర్పయింది. దాంతో 'ఫోర్స్ లెఫ్ట్' వినబడేది గానీ, 'డెకర్, వెనకాల చూసుకో' అన్న మాట వినబడేది కాదు. ఒక కాలేజీ వాడు వెనకనుంచి వచ్చి గుద్దితే పై పెదవి చీలిపోయింది. డాక్టరు కుట్లు వేస్తూ "నోరు తెరువు బాబూ, ఆఁ, అలాగే, శభాష్" అన్నాడు. అంత తియ్యని మాటలు నేను ఎన్నాళ్లకు విన్నానో. ఇంకో కుట్టు వేస్తే బావుండుననిపించింది.

మాటలు లేనివాడికి ఆలోచనలు ఎక్కువ. నేను అందర్నీ అనుమానించాను. చెప్పింది నేను కాదని నాకు తెలుసు కనుక, మిగిలినవాళ్లలో ఎవడో చెప్పి ఉండాలి. ఎడమ అంచు వాడు ఊళ్లో ఒక పిల్లకి రిబ్బను కొన్నాడని విన్నాను, వాణ్ణి వారం రోజులు అనుమానించాను. బార్క్లే వసపిట్ట కదా, క్షవరం చేయించుకుంటూ మంగలి దగ్గర వాగేశాడా అని ఇంకో వారం. చివరికి పెల్‌నీ అనుమానించాను. ఆఖరికి నన్ను నేనే. నిద్రలో పలవరించానా? డోనట్లు చూసిన సంబరంలో నీల్ దగ్గర ఏమైనా వాగానా? మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఏ మాట, ఎప్పుడు దాటిందో ఒక్కొక్కటే తవ్వుకుంటూ పడుకునేవాణ్ణి. అనుమానం గజ్జిలాంటిది, పక్కవాడికి అంటకుండా ఉండదు.

ఒక మధ్యాహ్నం గదిలో బార్క్లే చదువుకుంటున్నాడు. నేను అతని ముందుకు వెళ్లి నిలబడ్డాను.

"లెమ్యుల్, నేను చెప్పలేదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. పేజీ తిప్పాడు. అడక్కుండా చెప్పిన మాట అకాడమీలో మాట కాదు. దానికి గాలికున్నంత విలువే. అడిగితేనే అది కేడెట్ మాట అవుతుంది.

సరే అని తిన్నగా పెల్ దగ్గరికే వెళ్లాను. కవాతు మైదానం పక్కన ఒక్కడే నడుస్తున్నాడు. ఎదురెళ్లి సెల్యూట్ కొట్టాను.

"సార్, నన్ను ఒక్కసారి అడగండి. అంతకన్నా ఏమీ వద్దు."

నన్ను దాటి, నా వెనకున్న ఫిరంగి కేసి చూస్తూ ఉండిపోయాడు. కానీ అడగాలా వద్దా అన్న ఆలోచన ఆ మొహంలో ఒక్క క్షణం తచ్చాడింది. పెదవి కూడా కదిలింది. తరవాత గట్టిగా మూసుకుని నడిచి వెళ్లిపోయాడు.

అప్పటిగ్గానీ నాకు బోధపడలేదు. వాళ్లకి తోచక అడగడం మానలేదు. అడిగితే నేను లేదంటాను. లేదంటే నమ్మి తీరాలి. నమ్మితే ఆ రెండు ఓటములూ ఎవరి నెత్తిన రుద్దాలి? అంతమంది నిజాయితీపరులు చేరి, ఒక్క ప్రశ్న అడగకుండా తప్పించుకు తిరుగుతున్నారు. ఆ రోజు నాకు నిజంగా కోపం వచ్చింది. పోకూడదనీ, వీళ్లే పొమ్మన్నా పోకూడదనీ అనుకున్నాను.

ఫిబ్రవరి ఆఖర్లో మూడో ఆట. ఈసారి లాండింగ్ వాళ్ల రేవు దగ్గర, నది మీదే. అంచుల్లో ఐసు అప్పటికే మెత్తబడుతోంది. ఊరంతా ఒడ్డున చేరింది. అమ్మా నాన్నా ఎక్కడో ఉన్నారని తెలుసు, తలెత్తి వెతకలేదు. సగం ఆటకు వాళ్లు రెండు గోల్స్ ముందున్నారు.

రెండో సగంలో పక్ కంచె దాటి ఒడ్డున పడింది. దాన్ని తెచ్చేదాకా అందరం నిలబడ్డాం. నీల్ వచ్చి నా పక్కన ఆగాడు. నాతో మాట్లాడే మనుషులంటూ మిగిలింది ఎదుటి జట్టువాళ్లే.

"మీ కెప్టెన్ గొంతు భలేగా ఉందిరా గారెట్. మా సార్జెంటు కన్నా బాగా అరుస్తాడు."

ఏ సార్జెంటని అడిగాను.

"అదేరా, మన మంగలి. నీకు తెలీదూ? నువ్వెళ్లిన ఏడాదే ఊళ్లో సర్కారువాళ్లు స్వచ్ఛంద దళం పెట్టారు. గురువారం సాయంత్రాలు ధాన్యపు కొట్టులో కవాతు. ఈ ఏడుగురిలో అయిదుగురం అందులోనే ఉన్నాం." తల గోక్కున్నాడు. "మొదటి ఆటలో మీవాడు ఫోర్స్ లెఫ్ట్ అనగానే నా కాళ్లు వాటంతటవే ఎడమకి పోయాయి. వెక్కిరిస్తున్నాడేమో అనుకున్నాం. ఏమాటకామాటే గానీ, అంత పెద్ద చదువు చదివి మాకెందుకురా అన్నీ ముందే చెబుతాడు?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. కుట్లేసిన పెదవికి రెండూ మంచివి కావు. దేశమంతటికీ కవాతు పుస్తకం ఒక్కటే. మంగలి చదివినా అదే, జనరల్ గారి మనవడు చదివినా అదే. మేం మాత్రం ఆ కేకలు మా గుట్ట మీదే పుట్టాయనుకున్నాం. ఎవడూ అమ్మలేదు, ఎవడూ చెప్పలేదు. మా కెప్టెనే గొంతు చించుకుని చెప్పాడు.

ఇప్పుడు నిజం నా చేతిలో ఉంది. చెప్పడానికి మాత్రం మనిషి లేడు. చెప్పినా వినరు. పైగా నీల్‌తో గుసగుసలాడడం పెల్ కళ్లారా చూశాడు. దానికి అర్థం ఏమని తీసుకుంటాడో అతని మొహమే చెబుతోంది.

ఆట మొదలైంది. పక్ నా కర్రకే చిక్కింది. "ఫోర్స్ లెఫ్ట్!" అని పెల్ అరిచాడు. లాండింగ్ వాళ్లు ఎడమకు ఒరిగారు. నేను కుడికి పోయాను. కుడివైపు పొలంలా ఖాళీగా ఉంది. గోలు దగ్గర మంగలి ఒక్కడే ఉన్నాడు, అతను కూడా ఎడమకే ఒరిగి ఉన్నాడు. గోలు పడింది.

పెల్ మొహం కందగడ్డ అయింది. ఆజ్ఞ ధిక్కరించాను మరి. తిట్టాలంటే మాట్లాడకూడదు, ఎందుకిలా చేశావని అడిగే కేక కవాతు పుస్తకంలో లేదు. మళ్లీ పక్ నాకొచ్చింది. "ఫోర్స్ రైట్!" అన్నాడు. నేను ఎడమకు పోయాను. రెండో గోలు.

ఒడ్డున జనం గోల పెడుతున్నారు. ఇరుజట్లూ మధ్యగీత దగ్గరికి వచ్చాయి. పెల్ అరవడానికి నోరు తెరిచాడు. తెరిచి, ఎదుటివాళ్లను చూశాడు. తాళ్లు కట్టిన స్కేట్ల మీద అయిదుగురు మనుషులు ఒళ్లు బిగించి, చెవులు రిక్కించి, అతని నోటికేసే చూస్తున్నారు. కొత్తగా చేరిన సిపాయిలు సార్జెంటు కేసి చూసినట్టు చూస్తున్నారు. పక్ ఇంకా ఐసు మీద పడనే లేదు.

"టు ద రియర్," అన్నాడు పెల్. గట్టిగా కాదు, మామూలు గొంతుతో అన్నాడు.

అయిదుగురూ వెనక్కి తిరిగారు.

పెల్ నోరు మూసుకున్నాడు. ఆట ముగిసేదాకా మళ్లీ తెరవలేదు. మావాళ్లు కాసేపు అయోమయంగా అతనికేసి చూశారు, కేక రాకపోయేసరికి కళ్లతో వెతుక్కుని ఆడడం మొదలుపెట్టారు. స్కేట్ల గీరుడు తప్ప మా వైపు నుంచి చప్పుడే లేదు. మిగతావాళ్లకి అది కొత్త. నాకు అలవాటే. ఒక్క గోలు తేడాతో గెలిచాం. చేతులు కలిపేటప్పుడు మంగలి పెల్‌ని గొంతు పోయిందా నాయనా, కాస్త తేనె తాగు అని పరామర్శించాడు. పెల్ తలూపాడు.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో పెల్ అందరికన్నా వెనక, ఊరికేసి చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు భోజనాలయ్యాక ఆఖరి సంవత్సరం వాళ్లూ జట్టువాళ్లూ హాల్లో చేరారు. నన్ను పిలిపించారు. పెల్ నిండు యూనిఫాంలో, చేతి తొడుగులతో సహా నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్రలేనట్టు కళ్లు లోపలికి పోయాయి.

"కేడెట్ డెకర్. మన ఆజ్ఞలు లాండింగ్ వాళ్లకి నువ్వు చెప్పావా?"

ఆ ప్రశ్న కోసం నేను ఎన్ని రోజులు ఎదురుచూశానో. మంచం మీద పడుకుని దానికి ఎన్ని జవాబులు కట్టుకున్నానో. గుండెలు పగిలే జవాబులు, తల దించుకునేలా చేసే జవాబులు. తీరా చూస్తే ఆ హాల్లో జవాబు తెలియనివాడు ఒక్కడూ లేడు. అడిగితే నమ్మాల్సి వస్తుందని అడగనివాళ్లు, నమ్మేశాక తీరిగ్గా అడుగుతున్నారు.

"లేదు, సార్."

"నీ మాట చాలు," అన్నాడు పెల్.

చాలట. అదే మాట జనవరిలోనూ చాలేది. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. భుజం మీద చేతులు పడ్డాయి, ఆనాడు షెడ్డులో తడుముకున్న భుజం మీదే. ఒకడు తిరుగుబోతూ అన్నాడు, ఇంకొకడు నవ్వాడు. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు. మౌనం వెయ్యడానికి మా దగ్గర పద్ధతి ఉంది, వేసింది తప్పని ఒప్పుకోవడానికి లేదు. పెల్ నాకు చెయ్యి అందించాడు. తొడుగు విప్పి అందించాడు, అది మటుకు ఒప్పుకోవాలి.

గదికి వచ్చాక బార్క్లే గట్టు తెగిన చెరువులా మాట్లాడాడు. వాళ్లింట్లో కుక్క ఈనిందట, చెల్లెలికి పెళ్లి కుదిరిందట, లెక్కల మాస్టారికి పన్ను ఊడిందట. ఇన్నాళ్లూ నాకు చెప్పకుండా దాచుకోవడానికి ఎంత కష్టపడ్డాడో అదీ చెప్పాడు. నేను మంచం మీద కూర్చుని వింటున్నాను. ఒక్కొక్క మాటా వింటూ, ఇది ఇప్పుడు ఎందుకు చెబుతున్నాడు, నా దగ్గర్నుంచి ఏం రాబట్టాలని అని ఆలోచిస్తున్నాను. ఆ ఆలోచనకి నాకే అసహ్యం వేసింది. అయినా అది పోలేదు.

అతనికీ ఏదో తోచినట్టుంది. మాట ఆపి నాకేసి చూశాడు.

"గారెట్, మన మధ్య ఏమీ లేదుగా? మునుపట్లాగే ఉన్నాం కదా?"

సూటిగా, నిజాయితీగా అడిగాడు. ఆ సీజన్ మొత్తంలో నిజంగా జవాబు తెలియక నన్నొక ప్రశ్న అడిగింది అతనొక్కడే.

"ఉన్నాం," అన్నాను.

వెంటనే నమ్మేశాడు. మొహం విప్పారింది. ఈల వేసుకుంటూ బూట్లు ముందేసుకుని పాలిష్ పెట్టసాగాడు. కేడెట్ మాట కదా, నమ్మక ఏం చేస్తాడు?

అకాడమీలో నేనాడిన మొదటి అబద్ధం అదే.